నీళ్ళు కరుస్తన్నయ్యి

మా అత్తగారు ఆ మాట మొదటిసారి అన్నప్పుడు నేను నవ్వాను. ఆమెకు కనపడకుండా మొహం పక్కకు తిప్పుకుని నవ్వాను. ఇన్నేళ్ళయినా ఆ నవ్వు గుర్తొస్తే నా ఒళ్ళు జలదరిస్తుంది.

అప్పుడు మేం నరసరావుపేటలో ఉండేవాళ్ళం. ఎనభైల మధ్యకాలం. ఇంట్లో ముగ్గురమే. మా ఆయన ఊరి బయట జిన్నింగు మిల్లులో గుమాస్తా. నేను ముప్పాళ్ళ హైస్కూల్లో సోషల్ టీచర్ని. మా అత్తగారు అరవై దాటిన మనిషి. సన్నగా, పొడుగ్గా, గట్టి గొంతుతో ఉండేది. మామగారు పోయి అప్పటికి చాలా కాలమైంది.

పొద్దున్నే ఏడున్నర బస్సు అందుకోకపోతే నాకు బడి లేనట్టే. చలికాలం వచ్చిందంటే అసలు గొడవ స్నానం దగ్గర మొదలయ్యేది. పెరట్లో రాగి బాయిలర్ ఉండేది. నడుమెత్తు ఉంటుంది, మధ్యలో నిప్పుల గొట్టం, చుట్టూ నీళ్ళు. పైన చన్నీళ్ళు పోస్తే పక్క తూములోంచి వేణ్ణీళ్ళు వస్తాయి. అత్తగారు తెల్లవారకముందే లేచి దానికి పత్తికట్టె ఎగదోసేది. పత్తికట్టె అయిపోతే మిరపకట్టె. మిరపకట్టె పొగ ఒకసారి గొంతులో పడితే బస్సు ముప్పాళ్ళ చేరేదాకా దగ్గుతూనే ఉండాలి. పొగ వాసనతో క్లాసులోకి వెళ్ళటం నాకు నామోషీగా ఉండేది. పిల్లలు ముక్కులు ఎగబీల్చేవాళ్ళు.

అందుకని గీజరు కావాలని పట్టుపట్టింది నేనే. మా ఆయనకు అవసరం లేదు. మిల్లులో ఒంటినిండా పడ్డ దూది నుసి వదిలించుకోవటానికి ఆయన సాయంత్రాలు పెరట్లో తొట్టి దగ్గర చన్నీళ్ళే పోసుకునేవాడు, ఎంత చలైనా సరే. అత్తగారికైతే బాయిలర్ మీద ప్రాణం. ప్రతి శుక్రవారం చింతపండు పెట్టి తళతళా తోమేది. అయినా గీజరు వద్దనలేదు. "మీ ఇష్టం. నన్నడగబాకండి," అంది, అంతే.

ఒక చలికాలం మొదట్లో గుంటూరు నుంచి గీజరు తెప్పించి బిగించాం. మా బజారుకు అదే మొదటిది. తెల్లగా, గుండ్రంగా, బాత్‌రూమ్ గోడకు వేలాడుతుంటే ఇరుగుపొరుగు వచ్చి చూసిపోయారు. ఆ చలికాలం ఏ ఇబ్బందీ లేకుండా గడిచింది. ఎండాకాలంలో, పెరట్లో చోటు కలిసొస్తుందని, బాయిలర్‌ని పాత సామాన్ల కొట్టుకు ఇచ్చేశాం. బండి మీదకు ఎక్కిస్తుంటే అత్తగారు బయటికి రాలేదు. వంటింట్లో కూర్చుని కందిపప్పు ఏరుతూనే ఉంది.

మరుసటి చలికాలం, ఒక పొద్దున తడి తలతో బాత్‌రూమ్‌లోంచి బయటికొస్తూ అంది.

"అమ్మాయ్, ఆ గీజరు నీళ్ళు కరుస్తన్నయ్యే."

"కరవటమేంది అత్తయ్యా?"

"ఏమో. కుళాయి తిప్పంగానే చెయ్యి జివ్వుమంటంది. చీమలు పట్టినట్టు మోచేతి దాకా పాకుద్ది."

నేను నవ్వింది అప్పుడే. బాయిలర్ పోయిందన్న బాధ ఇన్నాళ్ళకు ఇలా బయటపడిందనుకున్నాను.

వారం తిరక్కుండా మళ్ళీ అదే మాట అంది. ఈసారి నేను చదువుకున్నదానిలాగా పరీక్ష పెట్టాను. ముందు స్విచ్చి ఆపాను. ఆ స్విచ్చి బాత్‌రూమ్ బయట, తలుపు పక్కనే ఉంటుంది. ఆపి, లోపలికి వెళ్ళి ఆమె చూస్తుండగానే కుళాయి పట్టుకుని నిలబడ్డాను. నాకేం కాలేదు.

"చూశారా? స్విచ్చే ఆపేశా. కరెంటే లేనప్పుడు షాకెట్టా కొడుతుంది?"

ఆమె నా చేతికేసి చూసింది, కుళాయికేసి చూసింది. నా కాళ్ళకేసి మాత్రం చూడలేదు. నేనూ చూసుకోలేదు. హాస్టల్లో చదువుకున్న రోజుల నుంచీ బాత్‌రూమ్‌లోకి రబ్బరు చెప్పులేసుకుని వెళ్ళటం నాకు అలవాటు. అత్తగారు వట్టి కాళ్ళతో, నాపరాయి మీద కూర్చుని, ఇత్తడి చెంబుతో పోసుకునే మనిషి.

ఆ రోజు నుంచీ నేనే నీళ్ళు కాచి, స్విచ్చి ఆపి, "అత్తయ్యా, ఆపేశా, వెళ్ళండి," అని చెప్పి మరీ బస్సుకు వెళ్ళేదాన్ని. అయినా ఆమె కరుస్తున్నాయనే అంది. ఇక నాకు చిరాకేసింది. ఆపేసిన గీజరు కరవటమేమిటి? రాత్రి అన్నాల దగ్గర మా ఆయనతో చెప్పాను. ఆయన కంచంలోంచి తలెత్తకుండానే, "అమ్మా, బాయిలర్ అమ్మేశామని నీకు కోపం. ఆ మాట తిన్నగా చెప్పరాదూ?" అన్నాడు.

అత్తగారు కొడుకు వైపు చూసింది. "సర్లేరా," అంది.

తర్వాత ఆయనే ఆమెను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. చెయ్యి జివ్వుమంటోందంటే డాక్టరు నరాల బలహీనతన్నాడు. ఈ వయసులో మామూలేనని బలానికి సూదులు రాశాడు. పది రోజులు, రోజు విడిచి రోజు, ఆమె నడిచి వెళ్ళి ఆ సూదులు వేయించుకుంది. కరెంటు పాకుతున్న చేతికి మేం సూదులు వేయించాం. ఇది రాస్తుంటే కూడా నాకు నమ్మబుద్ధి కావటం లేదు.

ఆ తర్వాత ఆమె నీళ్ళ మాట ఎత్తలేదు. తగ్గిందనుకున్నాం. నిజానికి ఆమె తన ఉపాయం తాను చూసుకుంది. పాత పంచె ముక్క ఒకటి నాలుగు మడతలు వేసి కుళాయి మీద ఆరేసి ఉంచేది. ఆ పొడిగుడ్డతో పట్టుకుని కుళాయి తిప్పేది. నేను ఆ గుడ్డను రోజూ చూశాను. ఎందుకో అడగలేదు. కుళాయి తుడవటానికేమో అనుకున్నాను. ఒక శనివారం సాయంత్రం బట్టలు నానబెడుతూ, మాసిపోయిందని ఆ గుడ్డను కూడా తీసుకెళ్ళి బకెట్లో పడేశాను.

మర్నాడు ఆదివారం. నేను వంటింట్లో ఉప్మాకు ఉల్లిపాయలు తరుగుతున్నాను. మా ఆయన బజారుకు వెళ్ళాడు. అంతకుముందే స్విచ్చి ఆపి, ఆపేశానని అత్తగారికి చెప్పాను. ఆమె స్నానానికి వెళ్ళింది.

ముందు ఇత్తడి చెంబు రాతి మీద పడ్డ చప్పుడు వినపడింది. అది దొర్లుకుంటూ వెళ్ళి గోడకు తగిలి ఆగిపోయింది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. చెంబు జారితే మా అత్తగారు చెంబును తిడుతుంది. ఆ తిట్టు వినపడలేదు.

"అత్తయ్యా!" అన్నాను. పలకలేదు.

వట్టికాళ్ళతో పరిగెత్తాను. ఆమె ఎప్పుడూ తలుపు దగ్గరగా వేసుకుంటుందేగానీ గడియ పెట్టదు. తోసి చూద్దును కదా, గోడకు ఆనుకుని సగం లేచి ఉంది. కుడిచెయ్యి కుళాయి మీద ఉంది. వేళ్ళు దాన్ని పట్టుకుని బిగుసుకుపోయి ఉన్నాయి. నోరు తెరుచుకుని ఉంది కానీ మాట లేదు. దవడ వణుకుతోంది. కళ్ళు నన్నే చూస్తున్నాయి. నేను వచ్చానని ఆమెకు తెలుస్తోంది. చెప్పలేకపోతోంది.

ఏమైందో నాకు అప్పటికీ అర్థం కాలేదు. ఆమె భుజం పట్టుకుని లాగాను. అంతే, ఎవరో రోకలితో మోచేతి మీద కొట్టినట్టయింది. వెనక్కి విరుచుకుపడ్డాను. తల తలుపుకు కొట్టుకుంది. పళ్ళు జివ్వుమన్నాయి, నోట్లో ఇనుము రుచి తగిలింది. రెండు నెలలుగా ఆమె చెప్తున్నది ఇదని ఆ క్షణంలో తెలిసింది.

బయటికి దూకి స్విచ్చి మీద చెయ్యి వేశాను. స్విచ్చి ఆపే ఉంది.

ఆ భయం వేరు. ఆపటానికి ఇంకేమీ లేదన్న భయం. పిచ్చిదానిలా ఆ స్విచ్చిని పైకీ కిందికీ నాలుగుసార్లు కొట్టాను. లోపలినుంచి ఆమె మడమలు రాతికి టకటకా కొట్టుకుంటున్న చప్పుడు వినపడుతూనే ఉంది. అప్పుడు వరండాలో ఇనప పెట్టె గుర్తొచ్చింది. ఫ్యూజు పోయినప్పుడు మా ఆయన దాని పిడి కిందికి లాగుతుండగా చూశాను. అంతవరకూ నేనెప్పుడూ దాన్ని ముట్టుకోలేదు. పరిగెత్తుకెళ్ళి రెండు చేతులతో పిడి పట్టుకుని వేలాడాను. అది దిగింది. ఇంట్లో రేడియో ఆగిపోయింది. వెనకనుంచి ధబ్‌మని మనిషి పడ్డ చప్పుడు వినపడింది.

ఆమె బతికే ఉంది. ఒడిలోకి తీసుకుంటే ఊపిరి ఆడుతోంది, గుండె డబడబలాడుతోంది. అరచేతిలో కుళాయి పిడి మేరకు తెల్లగా కమిలిపోయింది. చీర కప్పి, మంచం మీదకు చేర్చాను. మంచినీళ్ళు తెచ్చి నోటి దగ్గర పెడితే గ్లాసుకేసి చూసి తల పక్కకు తిప్పుకుంది. చాలాసేపటికి మాట వచ్చింది.

"ఆపావుగా?" అంది.

"ఆపానత్తయ్యా."

"మరి?"



మా ఆయన బజారునుంచి కూరగాయల సంచీతో వచ్చాడు. చెప్తే సంచీ అక్కడే వదిలేశాడు. వంకాయలు వరండా అంతా దొర్లాయి. డాక్టరును రిక్షాలో వెంటబెట్టుకొచ్చాడు. ఆయన గుండె చూసి, ప్రాణానికి భయం లేదన్నాడు. అరచేతికి మందు రాశాడు. ఇదివరకు తాను రాసిన సూదుల మాట ఆయనా ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు.

డాక్టరును దింపివచ్చి, మా ఆయన సైకిలెక్కి మోటార్లకు వైండింగ్ చేసే సాయిబు గారిని తీసుకొచ్చాడు. ఆయనకు యాభై ఏళ్ళుంటాయి. మిల్లు మోటార్లన్నీ ఆయన చేతిమీదుగానే బాగయ్యేవి. చెప్పులు గుమ్మంలో విడిచి లోపలికి వచ్చి, ముందు మంచం దగ్గరికి వెళ్ళాడు.

"పెద్దమ్మా, ఎట్టుంది?"

"ఉన్నానయ్యా. నీళ్ళు కరుస్తన్నయ్యని రెండు నెలల్నించి మొత్తుకుంటన్నా."

ఆయన మా ఇద్దరి వైపూ చూశాడు. ఇద్దరం నేల చూపులు చూశాం.

ఆయన పిడిలో చిన్న బల్బున్న టెస్టరు తీశాడు. వరండాలో మెయిన్ వేయమన్నాడు. గీజరు స్విచ్చి ఆపే ఉంది. మళ్ళీ చెప్తున్నాను, ఆపే ఉంది. టెస్టరు మొన కుళాయికి ఆనించాడు. పిడిలో బల్బు ఎర్రగా వెలిగింది. షవరు గొట్టానికి ఆనించాడు. వెలిగింది. కుళాయి తిప్పి, కారుతున్న నీళ్ళలో మొన పెట్టాడు. మసక మసకగా వెలిగింది.

"యా అల్లా!" అని ఒక్కసారి వెనక్కి తగ్గాడు. రోజూ కరెంటుతో పనిచేసే మనిషి భయపడటం చూసి నేను గుమ్మం అవతలకు జరిగాను.

మెయిన్ ఆపించి స్విచ్చి విప్పాడు. ఓపిగ్గా మాకు అర్థమయ్యేట్టు చెప్పాడు.

"కరెంటు ఒక వైర్లో వచ్చుద్ది, రెండో దాంట్లో తిరిగి పోద్ది. స్విచ్చి వచ్చే దారిలో పెట్టాల. ఈ ఇంటికి వైరింగు చేసినోడు పోయే దారిలో పెట్టాడు. అందుకని మీరు స్విచ్చి ఆపితే నీళ్ళు కాగటం ఆగుద్ది గానీ, కరెంటు గీజర్లోకి వచ్చి కూర్చోనే ఉంటది."

"అంటే ఆపినా ఒకటే, ఆపకపోయినా ఒకటేనా?" అన్నాడు మా ఆయన. ఆయన గొంతు నాకు కొత్తగా వినపడింది.

"ఒకటే సార్."

ఇన్నాళ్ళూ ఆమెను నేను రోజూ ధీమాగా లోపలికి పంపిన మాట చెవుల్లో మోగింది. ఆపేశా, వెళ్ళండి.

ఆయన గీజరు దించి పెరట్లోకి తెచ్చి అడుగు విప్పాడు. నీళ్ళు కాచే కడ్డీ బయటికి లాగితే కడ్డీ కనపడలేదు. చుట్టూ వేలెడు మందాన తెల్లగా పట్టిన సున్నం కనపడింది. బట్టీలో కాలిన రాయిలా గరుకుగా ఉంది. స్క్రూడ్రైవరుతో కొడితే పెచ్చులు పెచ్చులుగా రాలింది. లోపలినుంచి చేత్తో తోడితే చాటెడు వచ్చింది.

"బోరు నీళ్ళు కదమ్మా. మన పల్నాడు నేలంతా సున్నమేనాయె. ఏడాదికొకసారి విప్పి కడగాల. లేకపోతే కడ్డీ ఇట్టా కాలి చిట్లుద్ది." ఒకచోట సున్నం రాల్చి, వెంట్రుకవాసి పగులు చూపించాడు. "ఇదిగో, ఈడనించి దిగింది నీళ్ళల్లోకి."

కొన్న రోజు నుంచీ దాన్ని విప్పాలని గానీ, కడగాలని గానీ మాలో ఎవరికీ తోచలేదు. గోడకు వేలాడే తెల్లటి వస్తువు, స్విచ్చేస్తే వేణ్ణీళ్ళిస్తుంది, అంతవరకే తెలుసు.

ఆయన మళ్ళీ బాత్‌రూమ్‌లోకి వెళ్ళి, వైరు చివర పట్టుకుని బయటికి వచ్చాడు. మూడు వైర్లు. రెండు స్విచ్చికి వెళ్ళేవి. మూడోది పచ్చది. దాని కొసకు నల్ల టేపు నీటుగా చుట్టి, మడిచి, వదిలేసి ఉంది.

"ఇది ఎర్త్ వైరు. భూమిలోకి పోవాల. ఇది ఉండుంటే పెద్దమ్మకు ఏం గాకపోను. కరెంటు భూమిలోకి దిగి ఫ్యూజు ఎగిరిపోయేది. గీజరు బిగించినోడు ఇట్టా టేపు చుట్టి పెట్టాడంటే, గుంట తవ్వించుకోండి, తర్వాత కలుపుతానని చెప్పే పోయుంటాడు." నా వైపు తిరిగాడు. "టీచరమ్మా, బిగించేటప్పుడు ఇంట్లో మీరే ఉన్నారంట కదా. చెప్పలా?"

ఆ పచ్చ వైరు చూడగానే నా కళ్ళముందు ఆ పొద్దున నిలబడింది. ఏడు దాటింది. గీజరు బిగించటానికి గుంటూరు నుంచి వచ్చిన మనిషి నిచ్చెన దిగుతున్నాడు. నా చంకలో పరీక్ష పేపర్ల కట్ట ఉంది, ఒక కాలు చెప్పులో ఉంది. అతను, "మేడమ్, మీ ఇంటికి ఎర్త్ లేదు. వారం లోపల పెరట్లో గుంట తీయించి ఈ వైరు కలిపించండి. మర్చిపోబాకండి," అన్నాడు. నేను, "సరే సరే," అన్నాను. బస్సు అందుకున్నాను. సాయంత్రం ఇంటికొచ్చి, వేణ్ణీళ్ళు పోసుకుని, మురిసిపోయాను. ఆ మాట ఆ క్షణం వరకూ నాకు మళ్ళీ గుర్తు రాలేదు.

మా ఆయన నన్నే చూస్తున్నాడు. కిటికీ అవతల మంచం మీద అత్తగారు కళ్ళు మూసుకుని ఉంది.

"లేదండీ," అన్నాను. "అతనేం చెప్పలేదు."

అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో చూసి నేనే బిత్తరపోయాను. మా ఆయన ఆ గుంటూరు మనిషిని తిట్టటం మొదలుపెట్టాడు. సాయిబు గారు పచ్చ వైరును ఒకసారి వేళ్ళ మధ్య తిప్పి, చుట్టి పక్కన పెట్టాడు.

మూడు రోజులు పని నడిచింది. పెరట్లో గుంట తవ్వటానికి ఇద్దరు మనుషులు వచ్చారు. రెండడుగుల కింద రాయి తగిలింది. గడ్డపారలతో పెళ్ళగించి, మనిషి లోతు దించారు. అందులో ఇనప గొట్టం నిలబెట్టి, చుట్టూ బొగ్గు ఒక వరస, ఉప్పు ఒక వరస వేసి పూడ్చారు. పచ్చ వైరు తెచ్చి ఆ గొట్టానికి బిగించారు. స్విచ్చి తీసి సరైన దారిలో పెట్టారు. పాత గీజరు డొక్కు లోపల కూడా తుప్పు పట్టిందని, కడ్డీ ఒక్కటే మార్చి లాభం లేదని సాయిబు గారు అంటే, గీజరే కొత్తది తెచ్చాం. అత్తగారు అరచేతికి కట్టుతో, పెరటి గుమ్మంలో కూర్చుని అంతా చూసింది. ఏది ఎందుకని ప్రతిదీ అడిగింది. ఆయన విసుక్కోకుండా చెప్పాడు.

"ఈ గుంట ఎండిపోగూడదు పెద్దమ్మా. ఎండాకాలం రోజూ ఒక బిందెడు నీళ్ళు పొయ్యాల."

"పోస్తాంలే. అది గాదు, నాకు ఆ దీపం పుల్ల ఒకటి కావాల."

"టెస్టరా? నువ్వేం జేసుకుంటావు?"

"మనుషుల మాట ఎవురూ నమ్మటం లేదు గదా. దాని మాటన్నా నమ్ముతారు."

సాయిబు గారు నవ్వలేదు. తన జేబులోది తీసి ఇచ్చాడు. ఎలా పట్టుకోవాలో, పిడి చివర వేలు ఎక్కడ ఆనించాలో నేర్పాడు. తర్వాత తానే వట్టికాళ్ళతో బాత్‌రూమ్‌లోకి వెళ్ళి, తడి రాతి మీద నిలబడి, గీజరు వేయించి, కుళాయిని రెండు చేతులతో పట్టుకున్నాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. బయటికొచ్చి, "ఇప్పుడు పో పెద్దమ్మా," అన్నాడు. ఆమె టెస్టరు తీసుకుని లోపలికి వెళ్ళింది. తలుపవతల నేను నిలబడ్డాను. నీళ్ళ చప్పుడు వినపడేదాకా కదల్లేదు.

ఆ తర్వాత టెస్టరు ఆమె రొండిన చేరింది. పక్కింటి వాళ్ళకు నీళ్ళ మోటారు ఉండేది. దాని పక్కనే రాతి మీద వాళ్ళావిడ బట్టలుతికేది. అత్తగారు ఒకరోజు వెళ్ళి, "ఏమే, ఒక్క నిమిషం లే, నేను చూడాల," అంది. వాళ్ళావిడ నాలాగే నవ్వింది. అత్తగారు మోటారు ఇనప ఒంటికి పుల్ల ఆనించింది. బల్బు వెలిగింది. వాళ్ళావిడ చేతిలో తడి చీర అలాగే జారి కింద పడింది. సాయంత్రానికి సాయిబు గారు వాళ్ళింట్లో ఉన్నాడు.

ఆ సంగతి బజారంతా పాకింది. అందరూ మా అత్తగారిని మెచ్చుకున్నారు. నాకు మాత్రం అన్నం సహించటం మానేసింది. ఆ అరచెయ్యి కనపడినప్పుడల్లా కంచం ముందు నుంచి లేచిపోయేదాన్ని. చివరికి ఒక మధ్యాహ్నం, ఆమె వంటింట్లో చింతపండు పిక్కలు తీస్తుంటే వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను.

"అత్తయ్యా, ఆ గుంటూరతను నాకు చెప్పాడు. గుంట తీయించమని చెప్పాడు. నేనే మర్చిపోయా. సాయిబు గారు అడిగితే అబద్ధం చెప్పా."

ఆమె చేతులు ఆగలేదు.

"తెలుసు," అంది.

నాకు అర్థం కాలేదు. "ఏం తెలుసు?"

"ఆయాల నేను ఈడనే పొయ్యి ముందర ఉన్నా. వాడు భూమిలో గుంట తియ్యాలంటే నువ్వు సరే సరే అంటం విన్నా. దేనికో నాకు తెలవదు. చదువుకున్నోళ్ళు, మీరు చూసుకుంటారనుకున్నా. మొన్న సాయిబు అడిగితే నువ్వు లేదన్నావు. అదీ విన్నా. నేనేం నిద్ర పోవట్లా."

ఆమె అన్నీ విని, వారాలపాటు నా చేతి వంట తింటూ, కొడుకు ఆ గుంటూరు మనిషిని రోజూ తిడుతుంటే వింటూ, ఒక్క మాట బయటపెట్టలేదు.

"మరి ఎందుకు చెప్పలేదత్తయ్యా?"

"చెబితే వాడు నిన్ను జన్మంతా దెప్పుతాడు. అది నేను చూడాల. నాకేం పని?" ఒక పిక్క తీసి పక్కన పడేసింది. "మర్చిపోయావు, సరే, మనిషన్నాక మర్చిపోద్ది. బాయిలర్ కోసం నాటకాలాడతన్నాననుకున్నావు చూడు, అది మాత్రం నాకు చానా కష్టమనిపించిందే. అది పోదు."

నేను ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. "గుంటలో నీళ్ళు పోశావా ఇయ్యాల?" అంది. లేదన్నాను. "పో, పొయ్యి," అంది.

మా ఆయనకు ఈ సంగతి చెప్పటానికి నాకు మరో ఏడాది పైన పట్టింది. ఒక సాయంత్రం ఆయన వరండాలో పేపరు చదువుతుంటే చెప్పేశాను. అరుస్తాడనుకున్నాను. పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"అమ్మకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పట్నించి?"

"మొదట్నించీ."

ఆయన తల తిప్పి లోపలికి చూశాడు. అత్తగారు వంటింటి గుమ్మంలో చేటలో బియ్యం చెరుగుతోంది. ఆయన లేచి లోపలికి వెళ్ళి, ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు. ఏం మాట్లాడుకున్నారో, అసలు మాట్లాడుకున్నారో లేదో నాకు తెలియదు. నేను వరండాలోనే ఉండిపోయాను.